'మాది స్టాండర్డ్ సిప్, దేనితోనైనా కలుస్తుంది' అంటున్న వెండర్‌కు డబ్బు కట్టే ముందు ఏం పరీక్షించాలి?

తర్వాత చదివేవాళ్ళ కోసం ముందు మీ ప్రశ్నను కుదించి చెప్తాను. సిప్ అంటే ఇంటర్నెట్ మీద ఫోన్, వీడియో కాల్స్‌ను కలపడానికీ తెంపడానికీ సెట్లు వాడే భాష. నల్గొండలో మెయిన్ హాస్పిటల్, మిర్యాలగూడ, దేవరకొండ, అచ్చంపేటల్లో క్లినిక్‌లు. నల్గొండలో ఐపీ పీబీఎక్స్ (మీ ఫోన్లన్నిటినీ కలిపే ఎక్స్ఛేంజ్), దానికి ఆపరేటర్ ఇచ్చిన సిప్ ట్రంక్ (బయటి ఫోన్లకు దారి), కాన్ఫరెన్స్ హాల్లో పాత హెచ్.323 (సిప్ కాని ఇంకో కాల్ పద్ధతి) వీడియో యూనిట్. క్లినిక్‌లలో వేరే కంపెనీ ఐపీ ఫోన్లు. స్పెషలిస్టులు ఇంటి నుంచి బ్రౌజర్‌లో కలుస్తారు. ఇప్పుడు వెండర్ క్లినిక్‌లకు కొత్త వీడియో ఫోన్లు అమ్ముతానంటున్నాడు. హైదరాబాద్‌లో డెమో చూపిస్తే అన్నీ బాగానే పనిచేశాయి. ట్రయల్ సెట్లు మీ దగ్గర బిగిస్తే మాత్రం మిర్యాలగూడ కాల్ అర నిమిషానికి కట్ అవుతోంది. అచ్చంపేట నుంచి వాయిస్ కాల్ వస్తోంది గానీ వీడియో కాల్ అసలు రింగే కావడం లేదు. ఐవీఆర్‌లో ('ఒకటి నొక్కండి' అనే రికార్డు గొంతు మెనూలో) అంకె నొక్కితే తీసుకోవడం లేదు. షేర్ చేసిన ఎక్స్‌రే పాత యూనిట్ మీద కనబడటం లేదు. వెండర్ 'మీ నెట్ బాగాలేదు' అంటున్నాడు. 'కట్టొచ్చా అన్నా, టెన్షన్‌గా ఉంది' అని అడిగారు.

ఇప్పుడే కట్టకండి తమ్ముడూ. అలాగని ఆ సెట్లు పనికిరానివని కూడా నేను అనడం లేదు. మీరు చెప్పిన నాలుగింటిలో మూడు సెట్టింగులతో పోయేవే. నాలుగోదాన్ని మాత్రం కొత్త సెట్లు కొన్నా తీర్చలేరు. ఏది ఏమిటో తేల్చకుండా డబ్బు చేతులు మారితే, ఆ తర్వాత ఫోన్లవాడు ఇంటర్నెట్‌వాడి మీదికి, అతను పీబీఎక్స్‌వాడి మీదికి నెట్టుకుంటూ పోతారు. మధ్యలో నలిగేది మీరే.

డెమో ఎందుకు పనిచేసిందో చూడండి. రెండు వైపులా ఒకే కంపెనీ సెట్లు, ఒకే వెర్షన్, ఒకే స్విచ్. మధ్యలో రౌటర్ లేదు, ట్రంక్ లేదు, మీ పాత యూనిట్ లేదు. తన సెట్ తన సెట్‌తో మాట్లాడితే అందులో పరీక్ష ఏముంది?

'స్టాండర్డ్' అన్న మాట అబద్ధం కాదు, చాలదు అంతే. సిప్‌కు మూలమైన పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3261 (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాలను ఆర్‌ఎఫ్‌సీలంటారు) 2002 జూన్‌లో వచ్చింది, 269 పేజీలు. అందులో కొన్ని తప్పక చేయాలని, కొన్ని చేస్తే మంచిదని, కొన్ని ఇష్టముంటే చేయండని ఉంటాయి. ట్రాన్స్‌ఫర్, సెషన్ టైమర్, అంకెలు పంపే పద్ధతి వంటివి వేర్వేరు పత్రాల్లో ఉంటాయి. ఒక కంపెనీ 'చేస్తే మంచిది' అన్నవాటిని చేసి, ఇంకో కంపెనీ వదిలేస్తే ఇద్దరూ స్టాండర్డ్ ప్రకారమే ఉన్నట్టు. కానీ కాల్ మాత్రం కట్ అవుతుంది. ఈ సంగతి స్టాండర్డ్ రాసినవాళ్ళకే బాగా తెలుసు. అందుకే 1999లోనే న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో పోటీ కంపెనీల ఇంజినీర్లు తమ తమ పెట్టెలు తెచ్చుకుని, ఒకదానితో ఒకటి కలుపుకుని చూసుకున్నారు. ఆ సమావేశాలే తర్వాత సిపిట్ పేరుతో కొనసాగాయి. 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4475 అని ఒకటి వచ్చింది. సిప్ పెట్టెలను కావాలని తికమక పెట్టే మెసేజ్‌ల కూర్పు అది. స్టాండర్డ్ అంటే సరిపోయేటట్టుంటే వాళ్ళకు ఈ కష్టమంతా ఎందుకు?

వెండర్ ఎంటీసీటీఈ సర్టిఫికెట్ (టెలికాం పరికరాలకు తప్పనిసరి పరీక్షల పత్రం) చూపిస్తే అది అడగాల్సిందే, చూడాల్సిందే. కానీ కేంద్ర టెలికాం శాఖ కింది టెలికాం ఇంజినీరింగ్ సెంటర్ నడిపే ఆ విధానం విద్యుత్ భద్రత, రేడియో జోక్యం, తప్పనిసరి సాంకేతిక అర్హతల వంటివి చూస్తుంది. మీ అచ్చంపేట సెట్ మీ నల్గొండ యూనిట్‌తో మాట్లాడుతుందని అది హామీ ఇవ్వదు.

ఇక మిర్యాలగూడ కాల్. 'అర నిమిషం' అని రాశారు కదా, స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. నా అంచనా 32 సెకన్లు. ఆ అంకె ఊరికే రాదు. సిప్‌లో టీ1 అనే టైమర్ 500 మిల్లీసెకన్లు, దానికి 64 రెట్లు 32 సెకన్లు. కాల్ ఎత్తగానే ఎత్తిన సెట్ '200 ఓకే' పంపుతుంది. చేసినవైపు నుంచి దానికి 'యాక్' అనే రసీదు రావాలి. రాకపోతే అర సెకనుకు ఒకసారి, తర్వాత సెకనుకు, రెండు సెకన్లకు, నాలుగు సెకన్లకు, ఆపైన నాలుగేసి సెకన్ల ఎడంతో అదే 200 ఓకేను మళ్ళీ మళ్ళీ పంపుతూనే ఉంటుంది. 32 సెకన్లు చూసి, ఇక లాభం లేదని 'బై' కొట్టేస్తుంది. ఈలోపు మాట రెండువైపులా హాయిగా వినబడుతూ ఉంటుంది. గొంతు పోయే దారి వేరు, రసీదు పోయే దారి వేరు మరి. అందుకే ఇక్కడ 'మీ నెట్ బాగాలేదు' అన్న మాట చెల్లదు. నెట్ బాగాలేకపోతే గొంతు తెగితెగి వస్తుంది. ప్రతి కాలూ ఒకే సెకను దగ్గర లెక్కపెట్టినట్టు తెగదు.

దీన్ని కళ్ళారా చూడొచ్చు. పీబీఎక్స్ సర్వర్‌లో ఎస్‌ఎన్‌గ్రెప్ (సిప్ మెసేజ్‌లు చూపించే టూల్) నడపండి, లేదా ప్యాకెట్లు క్యాప్చర్ చేసి (లైన్ మీద పోయే డేటాను రికార్డు చేసి) వైర్‌షార్క్ అనే ప్రోగ్రామ్‌లో తెరవండి. టెలిఫోనీ మెనూలో వీఓఐపీ కాల్స్ అని ఉంటుంది. అందులో మీ కాల్‌ను ఎంచుకుంటే బాణాలతో వరుస కనిపిస్తుంది: ఇన్వైట్ (కాల్‌కు పిలుపు), 100 ట్రయింగ్, 180 రింగింగ్, 200 ఓకే, మళ్ళీ 200 ఓకే, మళ్ళీ 200 ఓకే... చివర బై. ఆ మొదటి 200 ఓకే మీద క్లిక్ చేసి 'కాంటాక్ట్' వరుస చదవండి. యాక్ ఆ అడ్రస్‌కే పోవాలి. అక్కడ 192.168తో మొదలయ్యే అడ్రస్ ఉంటే, అది మిర్యాలగూడ క్లినిక్ లోపలి అడ్రస్. నల్గొండ పీబీఎక్స్ రసీదును ఆ అడ్రస్‌కు పంపితే అది గేటు కూడా దాటదు. మందు: మిర్యాలగూడ రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ ఆఫ్ చేయండి, పీబీఎక్స్‌లో ఆ ఎక్స్‌టెన్షన్‌కు నాట్ (రౌటర్ లోపలి అడ్రస్‌ను బయటి అడ్రస్‌గా మార్చడం) సెట్టింగ్ ఆన్ చేయండి. ఏఎల్‌జీ అనే రౌటర్ సదుపాయం సాయం చేద్దామని వచ్చి మెసేజ్‌లో సగం అడ్రస్‌లు మార్చి సగం వదిలేస్తుంది. నేను దాన్ని మంచికి వాడిన చోటు చూడలేదు.

స్టాప్‌వాచ్ అలవాటు చేసుకోండి, ఎంత సేపటికి కట్ అయిందన్నదే సగం రోగ నిర్ధారణ. సరిగ్గా 15 నిమిషాలకో 30 నిమిషాలకో తెగితే అది వేరే జబ్బు. ఆర్‌ఎఫ్‌సీ 4028 ప్రకారం సెషన్ టైమర్‌కు సాధారణంగా పెట్టే విలువ 1800 సెకన్లు. అందులో సగం గడవగానే 'ఉన్నావా?' అని అడుగుతూ ఒక మెసేజ్ వెళ్తుంది. అవతలి కంపెనీ సెట్‌కు అది అర్థం కాకపోతే నడుస్తున్న కాల్ పోతుంది. డాక్టర్ సంప్రదింపులు 20 నిమిషాలు నడుస్తాయి కదా, వెండర్ డెమోలు రెండు నిమిషాల్లో అయిపోతాయి. అందుకే ప్రతి జత మీదా కనీసం ఒక కాల్‌ను 35 నిమిషాలు వదిలేయండి. పక్కన మీ పని మీరు చేసుకోవచ్చు.

అచ్చంపేట సంగతి ఇంకా ఆసక్తిగా ఉంది. వాయిస్ వస్తుంది, వీడియో రింగే కాదు. చాలామంది దీన్ని బ్యాండ్‌విడ్త్ లోపమనుకుంటారు. కానీ రింగ్ అయ్యే సమయానికి వీడియో ఇంకా మొదలే కాలేదు, బ్యాండ్‌విడ్త్ దేనికి చాలలేదు? నా అనుమానం ఇన్వైట్ సైజు మీద. వాయిస్ కాల్ ఇన్వైట్ చిన్నగా ఉంటుంది. వీడియో కాల్‌లో ఒక్కో కోడెక్ (గొంతును, బొమ్మను డేటాగా మార్చే పద్ధతి), దాని ప్రొఫైళ్ళు, ఎన్‌క్రిప్షన్ కీలు, రకరకాల అడ్రస్‌లు అన్నీ జాబితాగా చేరి అది 1500 బైట్లు దాటిపోతుంది. ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్‌కు పట్టేది అంతే. దాటితే యూడీపీ (అందిందో లేదో చూసుకోకుండా పంపే పద్ధతి) ప్యాకెట్ రెండు ముక్కలవుతుంది. రెండో ముక్కలో పోర్ట్ నంబర్ ఉండదు కాబట్టి కొన్ని ఫైర్‌వాల్‌లు, మొబైల్ ఆపరేటర్ల నాట్‌లు దాన్ని పారేస్తాయి. సగం ఇన్వైట్ అందిన పీబీఎక్స్‌కు ఏమీ అందనట్టే. ఆర్‌ఎఫ్‌సీ 3261లోనే ఉంది, దారిలో ఎంత పడుతుందో తెలియనప్పుడు మెసేజ్ 1300 బైట్లు దాటితే టీసీపీ (అందిందని సరిచూసుకుంటూ పంపే పద్ధతి) మీద పంపాలని. అన్ని సెట్లూ ఆ మాట వినవు.

రెండు చివర్లా ఒకేసారి క్యాప్చర్ చేయండి. అచ్చంపేటలో ఇన్వైట్ రెండు ముక్కలుగా బయల్దేరినట్టు కనబడి, నల్గొండలో ఒక్క ముక్కే చేరితే సంగతి తేలిపోయినట్టే. సెట్‌లో ట్రాన్స్‌పోర్ట్‌ను టీసీపీకి గానీ, దాని మీద ఎన్‌క్రిప్షన్‌తో నడిచే టీఎల్‌ఎస్‌కు గానీ మార్చండి. వాడని కోడెక్‌లన్నీ తీసేయండి. క్లినిక్‌ల మధ్య వీపీఎన్ (ఇంటర్నెట్ మీదే వేసుకునే సొంత రహస్య దారి) వేద్దామని కూడా మీరు రాశారు. మంచిదే, నాట్ గోల చాలావరకు పోతుంది. కానీ వీపీఎన్ తన సొంత హెడర్ తగిలించుకుంటుంది కాబట్టి ప్యాకెట్‌లో చోటు ఇంకా తగ్గుతుంది. వీపీఎన్ వేశాక ఈ పరీక్ష మళ్ళీ చేయాల్సిందే.

ఐవీఆర్ అంకెల విషయం చిన్నదే. అంకెలు పంపడానికి మూడు దారులున్నాయి: గొంతుతో పాటు శబ్దంగా, ఆర్‌టీపీలో (గొంతు ప్యాకెట్ల ధారలో) ప్రత్యేక ఈవెంట్‌గా, సిప్ ఇన్ఫో మెసేజ్‌గా. రెండోదాన్నే వాడండి. అది 2000లో ఆర్‌ఎఫ్‌సీ 2833గా వచ్చి, 2006లో 4733గా మారింది. ఫోన్ల మెనూల్లో ఇప్పటికీ పాత నంబరే రాసి ఉంటుంది, కంగారు పడకండి. ఫోన్ శబ్దంగా పంపుతూ కోడెక్ జి.729 అయితే, మనిషి గొంతు కోసం పిండి 8 కిలోబిట్లకు తెచ్చిన ఆ ధారలో టోన్ చెడిపోతుంది. ఒక్కోసారి రెండు దారుల్లోనూ పోయి 1 నొక్కితే 11 అవుతుంది. దాన్నీ చూడండి. ట్రంక్ వైపు మన దేశంలో జి.711 కోడెక్‌ను ఏ-లా రూపంలో వాడతారు. అమెరికా అలవాటుతో మ్యూ-లా మొదట పెట్టి వచ్చే సెట్లలో వరుస మార్చుకుంటే అనవసరమైన మార్పిడి తగ్గుతుంది.

ఇక ఎక్స్‌రే. సెట్టింగులతో తీరదన్నది దీన్నే. వీడియో కాల్‌లో షేర్ చేసిన స్క్రీన్ రెండో వీడియో ధారగా పోతుంది. హెచ్.323 లోకంలో దానికి హెచ్.239 అనే పద్ధతి ఉంది. సిప్ లోకంలో బీఎఫ్‌సీపీ. మధ్యలో ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చే గేట్‌వే లేకపోతే ముఖం కనబడుతుంది, షేర్ చేసింది కనబడదు. కొన్ని గేట్‌వేలు తేలిక దారి పట్టి, షేర్ చేసినదాన్ని ముఖం స్థానంలోనే చిన్న రెజల్యూషన్‌లో చూపిస్తాయి. వెండర్ అది చూపించి 'వచ్చింది కదా సార్' అంటాడు. మీరు రిపోర్టులో అతి చిన్న అక్షరాలున్న పేజీని షేర్ చేసి, అవతలివాళ్ళతో బయటికి చదివించండి.

నన్నడిగితే ఎక్స్‌రేను వీడియో కాల్ మీద అసలు ఆధారపడనివ్వకండి. వీడియో కోడెక్ కదలిక కోసం వివరాలను త్యాగం చేస్తుంది. సన్నటి పగులు ఆ త్యాగంలో పోవచ్చు. ఫైల్‌ను డైకామ్‌గానే (వైద్య చిత్రాల ఫార్మాట్‌లోనే) పంపి, డాక్టర్ తన స్క్రీన్ మీద తెరిచి చూడాలి. కాల్ మాట్లాడుకోవడానికి. ఇంత మాట చెప్పినందుకు వెండర్లకు నా మీద కోపం రావచ్చు గానీ, ఇది రోగుల సంగతి.

మీరు చెప్పిన నాలుగు సమస్యల్లో లేనిది ఒకటి: బ్రౌజర్. డాక్టర్ ఇంటి బ్రౌజర్‌కూ మీ పాత యూనిట్‌కూ నేరుగా ఎప్పటికీ కుదరదు. బ్రౌజర్‌లో కాల్స్ నడిపే వెబ్‌ఆర్‌టీసీ తన ఎన్‌క్రిప్షన్ లేకుండా మాట్లాడదు, ఐస్ పద్ధతిలో దారి వెతుక్కుంటుంది. పాత యూనిట్‌కు ఆ రెండు పద్ధతులూ తెలియవు. కోడెక్‌ల దగ్గర మాత్రం కాస్త అదృష్టముంది. 2016 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7742 ప్రకారం బ్రౌజర్లు వీపీ8తో పాటు హెచ్.264 కన్‌స్ట్రెయిన్డ్ బేస్‌లైన్‌నూ అర్థం చేసుకోవాలి. ఆడియోకు ఓపస్‌తో పాటు జి.711 కూడా తప్పనిసరి. కాబట్టి మధ్య గేట్‌వే వీడియోను విప్పి మళ్ళీ అల్లకుండానే దాటించే అవకాశం ఉంది. అలా దాటిస్తుందా, విప్పి అల్లుతుందా అని వెండర్‌ను అడగండి. విప్పి అల్లితే ఆలస్యం పెరుగుతుంది, ఒకేసారి ఎన్ని కాల్స్ పడతాయన్నదీ తగ్గుతుంది.

బొమ్మ వస్తుంది గానీ మసకగా ఉంటే క్యాప్చర్‌లో ఎస్‌డీపీ (మెసేజ్‌లోని కోడెక్‌ల జాబితా) తెరిచి హెచ్.264 వరుసలో ప్రొఫైల్-లెవెల్-ఐడీ చూడండి. ఆరు అక్షరాల్లో చివరి రెండూ లెవెల్. అవి 16 ఆధారంగా రాసే అంకెలు. 1ఎఫ్ అంటే 31, అంటే లెవెల్ 3.1, 720పీ సెకనుకు 30 ఫ్రేములకు సరిపోతుంది. 0డి అంటే 13, లెవెల్ 1.3, అది 352×288 బొమ్మకే. ఒక వైపు 0డి అని ప్రకటిస్తే అవతల ఎంత ఖరీదైన కెమెరా పెట్టినా లాభం లేదు. వీటిని నెట్ మీదికి తోసే వెండర్‌కు ఆ రెండు అక్షరాలు చూపిస్తే చాలు, మాట మారుతుంది.

పరీక్ష ఎలా చేయాలంటే, ముందు ఒక కాగితం మీద గళ్ళు గీయండి. మీ దగ్గర ఐదు రకాలున్నాయి: పాత యూనిట్, కొత్త వీడియో ఫోన్, క్లినిక్ ఐపీ ఫోన్, బ్రౌజర్, ట్రంక్ మీది బయటి మొబైల్. ఎవరు ఎవరికి చేస్తారన్నది ముఖ్యం. ముందు కోడెక్‌ల జాబితా ఎవరు పంపితే కథ వాళ్ళ చేతిలో మొదలవుతుంది కాబట్టి నల్గొండ నుంచి దేవరకొండకు పనిచేసింది తిరుగు దారిలో పనిచేయకపోవచ్చు. ఐదింటికి అలా 20 గళ్ళు వస్తాయి. మీరు నిజంగా వాడేవి అందులో సగం ఉంటాయేమో, వాటినే పట్టుకోండి. కాల్ కలిసిందా లేదా అన్నది తేలిక గడి, అసలు గొడవంతా కాల్ మధ్యలో వస్తుంది. హోల్డ్ పెట్టి తీయండి, వీడియో తిరిగి వచ్చిందా? రిసెప్షన్ నుంచి డాక్టర్‌కు ట్రాన్స్‌ఫర్ చేయండి, ముందు మాట్లాడి చేయడం, మాట్లాడకుండా చేయడం రెండూ. వాయిస్ కాల్‌ను మధ్యలో వీడియోగా మార్చండి. అవతలివాళ్ళు ఎత్తకముందే పెట్టేయండి, రింగ్ ఆగిందా? మూడో మనిషిని కలపండి. అవతల బిజీగా ఉన్నప్పుడు చేయండి.

తర్వాత లైన్‌ను కావాలని పాడు చేసి చూడాలి. మధ్యలో ఒక లినక్స్ పెట్టెను బ్రిడ్జ్‌గా పెట్టి నెటెమ్ అనే లినక్స్ టూల్‌తో 150 మిల్లీసెకన్ల ఆలస్యం, 2 శాతం ప్యాకెట్ నష్టం కలపండి. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ సిఫారసు జి.114 ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపే ఉండాలంటుంది, అది దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఆగిపోవడం మొదలవుతుంది. జి.711 కాల్ ఒక్కోవైపు ఈథర్‌నెట్ మీద దాదాపు 87 కిలోబిట్లు తింటుంది. 720పీ వీడియోకు మెగాబిట్ పైనే లెక్క వేసుకోండి, అదీ అప్‌లోడ్‌లో. అచ్చంపేట పక్కన అమ్రాబాద్ వైపు ఫైబర్ ఏ జేసీబీ తెంపినా 4జీ డాంగిల్ మీదికి మారతారు కదా, ఆ మార్పిడిని కూడా కాల్ నడుస్తుండగా చేయండి. కరెంటు సంగతీ అంతే. దేవరకొండలో మెయిన్ స్విచ్ ఆపి, ఇన్వర్టర్ ఎత్తుకునే ఆ క్షణంలో సెట్ రీబూట్ అవుతుందా, అయితే తిరిగి రిజిస్టర్ కావడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. వెండర్ ఆఫీసులో యూపీఎస్ ఉంటుంది కాబట్టి ఇది వాళ్ళకు తట్టదు.

ఈ పరీక్షలు సిబ్బంది మధ్యే చేయండి, రోగుల కాల్స్ మీద వద్దు. ఎన్‌క్రిప్షన్ లేని కాల్‌ను క్యాప్చర్ చేస్తే వైర్‌షార్క్‌లో ప్లే నొక్కి గొంతు వినొచ్చు.

అగ్రిమెంట్‌లో 'సిప్ సపోర్ట్ చేస్తుంది' అన్న వాక్యం ఉంటే కొట్టేయించండి. దాని బదులు మీ గళ్ళ కాగితాన్నే జత చేయండి. మా నాలుగు ఊళ్ళ లైన్ల మీద, మా పాత యూనిట్‌తో, మా ట్రంక్‌తో ఈ గళ్ళన్నీ పాసైతేనే చివరి విడత డబ్బు అని రాయండి. ప్రతి సెట్, పీబీఎక్స్, గేట్‌వే ఫర్మ్‌వేర్ వెర్షన్ నంబర్ కూడా అందులో ఉండాలి. ఆటో అప్‌డేట్ ఆపేయండి. అప్‌డేట్ చేయాల్సి వస్తే ముందు ఒక్క క్లినిక్‌లో చేసి, గళ్ళు మళ్ళీ నింపాకే మిగతా చోట్ల చేయండి. పాసైన కాల్స్ క్యాప్చర్లు కూడా దాచుకోండి. రేపు తేడా వస్తే నిన్న ఎలా ఉండేదో పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

మిర్యాలగూడ కాల్ క్యాప్చర్‌ను ఇక్కడ పెడితే నేనూ చూస్తాను. రెండు చివర్లదీ కావాలి, ఒక్క పీబీఎక్స్ వైపుదే పెడితే రసీదు ఎక్కడ పోయిందో తెలియదు. పెట్టే ముందు పబ్లిక్ ఐపీలు, ఫోన్ నంబర్లు చెరిపేయండి. 192.168 అడ్రస్‌లను మాత్రం చెరపకండి, చూడాల్సింది వాటినే.